బాక్సు మార్చమనే ముందు స్తంభం ఎక్కి చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం. నేను పెదవాల్తేరులో కేబుల్ ఆపరేటర్ని. 1993లో మా మేడ మీద డిష్ నిలబెట్టి, చుట్టుపక్కల నలభై ఇళ్ళకు తీగ లాగి మొదలుపెట్టాను. ఇప్పుడు యాభై ఎనిమిదో ఏడు నడుస్తోంది, మనవడు ఒకటో తరగతికి వెళ్తున్నాడు, అయినా వీధిలో నేనింకా "కేబుల్ అబ్బాయి"నే. ఒకప్పుడు తొమ్మిది వందల కనెక్షన్లు చూశాను. ఇప్పుడు 340 మిగిలాయి. కొన్నిటిని డిష్‌లు తిన్నాయి, మిగతావాటిని సెల్‌ఫోన్లు తిన్నాయి. ఆ ఏడుపు ఏడవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఓ మూల చిన్న వార్త వేశారు. కేబుల్‌లో కొత్త పద్ధతి వస్తోందని, కొత్త బాక్సు పెట్టుకుంటే హెచ్‌డీ ఛానళ్ళు బాగా పెరుగుతాయని. బాక్సు గురించి రాశారు, రిమోట్ గురించి కూడా రాశారు. స్తంభం మీద ఉన్న సరంజామా గురించి ఒక్క ముక్క లేదు. రాసిన కుర్రాడిని తప్పుపట్టను. మాకు చెప్పినవాళ్ళే ఆ ముక్క మింగేశారు.

జరిగింది ఇదీ. మాకు పైనుంచి సిగ్నల్ ఇచ్చే సంస్థ (పేరు రాయను, రేపు మళ్ళీ వాళ్ళ మెట్లే ఎక్కాలి) ఆపరేటర్లందరినీ పిలిచి మీటింగు పెట్టింది. బిర్యానీ బాగుంది. తెర మీద బొమ్మలు చూపించారు. ఆ పద్ధతి పేరు స్విచ్డ్ డిజిటల్ వీడియో. పాత బాక్సులు తీసేసి కొత్తవి పెట్టాలి, బాక్సుకు 1,500 రూపాయలు, ఇంటింటికీ తిరిగి వసూలు చేయాల్సింది మేము. "మరి లైన్ల సంగతేంటి బాబూ?" అని వెనక వరసలోంచి అడిగాను. "అది మీ సైడ్ కదా గురువుగారూ" అన్నాడు ఇంజనీరు. నిజమే, నా సైడే. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పద్ధతికి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలి. అది మోసం కాదు. చాలా తెలివైన ఏర్పాటు.

మన కేబుల్ తీగని వరసగా కట్టిన గదులనుకోండి. ఒక్కో గది వెడల్పు 8 మెగాహెర్ట్‌జ్. పాత అనలాగ్ రోజుల్లో గదికి ఒక్క ఛానలే దిగేది. అందుకే ఎనభై, తొంభై దగ్గర చతికిలబడేవాళ్ళం, అందులోనూ చివరి గదుల్లో బొమ్మ మీద ఇసుక చల్లినట్టుండేది. తర్వాత డిజిటల్ వచ్చింది. 2013 మార్చి 31 గడువు పెట్టిన రెండో విడత 38 నగరాల్లో హైదరాబాద్‌తోపాటు మన విశాఖ కూడా ఉంది. డిజిటల్లో ఛానళ్ళని తీగలోకి ఎక్కించే పద్ధతిని క్వామ్ అంటారు. అదే గదికి 64 క్వామ్ పెడితే సెకనుకు సుమారు 38 మెగాబిట్లు, 256 క్వామ్ పెడితే సుమారు 51 మెగాబిట్లు పడతాయి. మామూలు ఛానల్ రెండు మెగాబిట్లతో సర్దుకుంటుంది గనక గదిలో పాతిక దాకా ఒద్దికగా ఉంటాయి. హెచ్‌డీ దొరగారు వస్తే ఒక్కరికే ఆరు నుంచి ఎనిమిది కావాలి. అదే తీగ మీద ఇంటర్నెట్ కూడా ఇవ్వాలంటే ఆవిడకి విడిగా కొన్ని గదులు ఖాళీ చేయించాలి. చివరికి గదులు చాలడం లేదు.

ఇందులో దండగ ఎక్కడుందో నాకు బాగా తెలుసు. పంజాబీ ఛానల్‌ని నా కస్టమర్లలో ఒక్కరూ చూడరు. అయినా అది రాత్రీ పగలూ నా స్తంభాల మీదుగా పారుతూనే ఉంటుంది. అలాగని తీసేయలేం, మల్కాపురం, సింధియా వైపు నేవీ వాళ్ళకి కావాలి. రైల్వే వాళ్ళుండే చోట ఒడియా ఛానల్ లేకపోతే ఫోన్ మోగిపోతుంది. పోర్టు, నేవీ, రైల్వే, స్టీల్ ప్లాంటు ఉన్న ఊరిది. బెంగాలీ, మలయాళం, అస్సామీ అన్నీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరికి ప్రాణం. ప్రతి వీధిలోనూ కాదు, అంతే.

ఇప్పుడు మేమిచ్చేది సింహాచలం నుంచి ఆర్కే బీచ్‌కి తిరిగే 28 నంబరు బస్సు లాంటిది. మనుషులు ఎక్కినా ఎక్కకపోయినా బస్సు తిరగాల్సిందే. కొత్త పద్ధతి షేర్ ఆటో. అడిగేవాడుంటేనే కదులుతుంది. ఒకడి కోసం కదిలాక అటే వెళ్ళాల్సిన రెండోవాడూ పదోవాడూ అందులోనే ఎక్కేస్తారు, ఇంకో ఆటో అక్కర్లేదు. ఆఖరివాడు దిగిపోతే ఆటో మళ్ళీ స్టాండుకి.

మీరు రిమోట్ మీద ఒడియా ఛానల్ నంబరు నొక్కారనుకోండి. తీగలో ఆ ఛానల్ లేదు. బాక్సు వెనక్కి, సిగ్నల్ ఇచ్చే సంస్థ కంట్రోల్ రూముకి, చిన్న చీటీ పంపాలి, ఫలానా ఇంటికి ఫలానా ఛానల్ కావాలని. అక్కడ కూర్చున్న సర్వర్ చీటీ చదువుతుంది. మీ నోడ్ (కంట్రోల్ రూము నుంచి ఫైబర్ వచ్చి, అక్కడి నుంచి రాగి తీగలు ఇళ్ళ వైపు చీలే పెట్టె) కింద ఇంకెవరైనా అప్పటికే అది చూస్తుంటే "ఇదిగో ఈ గదిలో ఉంది, వెళ్ళు" అని చెప్తుంది. ఎవరూ చూడకపోతే ఎడ్జ్ క్వామ్‌ని లేపుతుంది. ఎడ్జ్ క్వామ్ అంటే ర్యాక్‌లో అడ్డంగా పడుకునే ఇనప పెట్టె. ఒకవైపు నెట్‌వర్క్ తీగ, రెండోవైపు మన కేబుల్ తీగ. కావాల్సిన ఛానల్ని ఐపీ రూపంలో, అంటే ఇంటర్నెట్‌లో నడిచే డేటాలా, అందుకుని, క్వామ్ కట్టి, ఖాళీ గదిలోకి ఎక్కించి, మీ నోడ్ వైపుకి మాత్రమే వదులుతుంది. పక్క నోడ్ వాళ్ళకి ఆ గదిలో వేరే ఛానల్ ఉండొచ్చు. ఇదంతా ఒకటి రెండు సెకన్లలోపే. అందరూ చూసే తెలుగు న్యూసు, సీరియళ్ళు, క్రికెట్ మాత్రం ఇందులోకి రావు, అవి ఎప్పటిలా బస్సులే. ఎప్పుడో ఒకరు అడిగేవాటినే ఆటో ఎక్కిస్తారు.

చూశారా, ఇందులో మీ ఇంట్లో ఉండేది ఒక్క బాక్సు. మిగతా సరంజామా అంతా ఇంటి బయటే. అసలు గొడవంతా ఆ చీటీతోనే. అది ఏ దారిన వెనక్కి వెళ్ళాలి?

వెనక్కి వెళ్ళే దారి 5 నుంచి 65 మెగాహెర్ట్‌జ్ మధ్య ఉంటుంది. ఛానళ్ళు ముందుకొచ్చేది దానిపైన. ఒకే తీగలో రెండు దారులూ నడవాలంటే ప్రతి యాంప్లిఫయర్‌లోనూ (దారిలో సిగ్నల్ బలం పెంచే పెట్టె, మేం యాంప్ అంటాం) రెండిటినీ విడదీసే ఫిల్టరు, వెనక్కి తోసే రివర్స్ మాడ్యూలు ఉండాలి. నోడ్‌లో వెనక్కి వెలుగు పంపే లేజర్ ఉండాలి. కంట్రోల్ రూములో దాన్ని అందుకునే రిసీవర్ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా చీటీ అక్కడితో సరి.

ఇక్కడ నా తప్పు నేనే చెప్పుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక మర్నాడు బయటికొస్తే, నా లైనంతా జాలారిపేట ఒడ్డున ఆరేసిన వలలా రోడ్డు మీద పడి ఉంది. స్తంభాలు విరిగాయి, చెట్లు తీగల మీద కూలాయి. ఇరవై ఏళ్ళ కష్టం. అప్పు చేసి మళ్ళీ మొదట్నుంచి కట్టాను. ఇరవై రెండు యాంప్‌లు కొన్నాను. వాటిలో రివర్స్ మాడ్యూలు పెట్టుకునే గూడు ఉంది, మాడ్యూలు లేదు. దానికి విడిగా డబ్బు. "వెనక్కి పంపడానికి మనకేం ఉంది తమ్ముడూ, ముందుకెళ్తే చాలు" అన్నాను షాపువాడితో. ఆ గూళ్ళు ఇవాళ్టికీ ఖాళీ. ఒకదాంట్లో చీమలు కాపురం పెట్టాయి, ఇంకోదాంట్లో బల్లి గుడ్లు చూశాను. ఊళ్ళో చాలామంది ఆపరేటర్ల యాంప్‌లు మూత విప్పితే ఇదే కనిపిస్తుందని పందెం కాస్తాను.

నాకు నమూనాకని ఒక కొత్త బాక్సు ఇచ్చారు. మా ఇంట్లోనే పెట్టాను. తెలుగు ఛానళ్ళన్నీ అద్దంలా వచ్చాయి. స్విచ్డ్ పద్ధతికి మార్చినవాటిలో ఏది నొక్కినా "ఈ ఛానల్ ప్రస్తుతం అందుబాటులో లేదు" అని రాసి ఊరుకుంది. సిగ్నల్ బలం కొలిచే డీబీ మీటరు పెట్టి చూస్తే సిగ్నల్ 62, వంక పెట్టడానికి లేదు. బాక్సు అరుస్తూనే ఉంది, దాని అరుపు మా సందు చివరి యాంప్ దాటడం లేదు. మా ఆవిడ "కొత్త బాక్సు కంటే పాతదే నయం, అందులో ఇవన్నీ వచ్చేవి" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మొండిపట్టు పట్టి ఒక మాడ్యూలు అరువు తెచ్చి ఆ యాంప్‌లో పెట్టాను, రివర్స్ ఉన్న నోడ్‌కి కలిపించాను, ఆ ఇంజనీరునే బతిమాలి, తీగలో ఏ ఫ్రీక్వెన్సీలో ఏముందో తెర మీద చూపించే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తో రప్పించాను. (మనిషి మంచివాడే. స్తంభం ఎక్కడు గాని, కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటాడు.) తెర మీద గడ్డి మొలిచినట్టు ఒకటే గోల. ఇది అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. ముందుకొచ్చే దారిలో ఒక ఇంటి కనెక్టర్ పాడైతే ఆ ఇంటికే బొమ్మ పోతుంది. వెనక్కి వెళ్ళే దారిలో అలా కాదు. ప్రతి ఇంట్లోని చెత్తా కాలవలోకి చేరినట్టు చేరి నోడ్ దగ్గర కుప్పపడుతుంది. ఒక్క ఇంటి తుప్పు నాలుగు వందల ఇళ్ళ చీటీల్ని చెరిపేస్తుంది. ఆ కింది ఫ్రీక్వెన్సీల్లోనే లోకంలోని గోలంతా తిరుగుతుంది: వెల్డింగ్ షాపు, ట్యూబులైటు చోకు, పాత ఫ్యాన్ రెగ్యులేటరు, కరకచెట్టు పోలమాంబ పండక్కి కట్టే సీరియల్ లైట్లు.

ఒక్కో ట్యాప్ (ఇళ్ళకి తీగ చీలే చోటు) విప్పుకుంటూ పోయాం. మధ్యాహ్నం మూడింటికి దొరికింది. సముద్రానికి దగ్గరగా, వరసలో ఆఖరి ఇల్లు. నాకు పిన్ని వరస అవుతుంది ఆవిడ. లోపలి గదిలోకి ఎవరో తీగ కోసి, పురి తిప్పి, టేపు చుట్టారు. బయట కనెక్టర్ ఉప్పుగాలికి పచ్చగా కిలుం పట్టి, ముట్టుకుంటే పొడిగా రాలింది. "మూడేళ్ళయింది బాబూ, బాగానే వస్తోంది కదా, ఏటైందిప్పుడు?" అంది పిన్ని. ఆవిడకి బాగానే వస్తోంది. ఆవిడ మిక్సీ వేసినప్పుడల్లా నా నోడ్ చెవుడైపోతోంది. కనెక్టర్ మార్చి, కొత్త ఆర్‌జీ-6 తీగ లాగాక గడ్డి సగానికి తగ్గింది. మిగతా సగం ఎక్కడుందో వెతకాలి. బీచి వైపు ఇళ్ళలో ఏ కనెక్టరూ రెండు మూడు వానాకాలాలు దాటదు. రాజమండ్రిలో నడిచే లెక్క ఇక్కడ నడవదు.

ఇంకో మాట, యాంప్‌ల కరెంటు. పద్ధతిగా అయితే నోడ్ దగ్గర పవర్ సప్లై పెట్టి, తీగలోంచే యాంప్‌లకి కరెంటు పంపాలి. మా వీధుల్లో జరిగేది అందరికీ తెలుసు. యాంప్ ఎవరి గోడ మీదుంటే వాళ్ళింటి ప్లగ్గులోంచే కరెంటు, బదులుగా వాళ్ళకి కేబుల్ ఉచితం. వాళ్ళు పెళ్ళికి ఊరెళ్తూ మెయిన్ కట్టేస్తే సందు మొత్తం చీకటి. కరెంటు పోయి వచ్చిందంటే వందల బాక్సులు ఒకేసారి లేచి ఒకేసారి చీటీలు పంపుతాయి, ఒకదాని మీద ఒకటి పడతాయి. కాసేపటికి సర్దుకుంటాయిలెండి. ఆ కాసేపూ తిట్లు తినేది నేను.

మన అలవాట్లు కూడా చూడాలి. మనవాళ్ళు టీవీ కడతారు, బాక్సు కట్టరు. టీవీ ఆపేసినా బాక్సు ఆ ఛానల్ని పట్టుకునే ఉంటుంది, మనిషి దిగిపోయినా ఆటో నడుస్తూనే ఉన్నట్టు. అందుకని ఇన్ని గంటలు రిమోట్ నొక్కకపోతే తెర మీద "చూస్తున్నారా?" అని అడిగి, జవాబు లేకపోతే ఛానల్ లాగేసుకునే ఏర్పాటు ఉంటుంది. పూజ గదిలో పొద్దున్న పెట్టిన భక్తి ఛానల్‌ని రాత్రి దాకా తియ్యని ముసలమ్మలు నా కస్టమర్లలో పదిమంది ఉన్నారు. వాళ్ళకి రిమోట్ ఎక్కడుందో కూడా తెలీదు. ఇంకోటి, ఏ ఇంట్లో ఎన్నింటికి ఏ ఛానల్ చూశారన్నది ఇక కంట్రోల్ రూముకి తెలిసిపోతుంది. మీటింగులో ఆ బొమ్మ చూపించలేదు.

2011లో మా అమ్మాయి పురిటికని అమెరికా, ఆస్టిన్ వెళ్ళాను. నాలుగు నెలలు. అల్లుడుగారు టీవో అనే రికార్డరు బయట కొనుక్కున్నారు. దానికి కేబుల్‌కార్డు పెడితే ఛానళ్ళ తాళం తీస్తుంది గాని, వెనక్కి చీటీ పంపే సత్తా దానికి లేదు. అక్కడి కేబుల్ వాళ్ళు అప్పటికే కొన్ని ఛానళ్ళని ఇలా స్విచ్డ్ పద్ధతికి మార్చేశారు. మరి టీవో వాళ్ళ గతేంటి? ట్యూనింగ్ అడాప్టర్ అని చిన్న డబ్బా. కేబుల్ తీగ అందులోకి వెళ్ళి బయటికొస్తుంది, యూఎస్‌బీ తీగతో టీవోకి కలుస్తుంది. టీవో దాని చెవిలో చెప్తుంది, అది కంట్రోల్ రూముకి చీటీ పంపుతుంది. దాని దీపం మిణుకుమిణుకుమంటే అల్లుడుగారు మొహం చిట్లించుకుని ప్లగ్గు పీకి పెట్టేవారు. అందరి ఇళ్ళలోనూ అదే వైద్యమట. మనకి కొత్తేం కాదు.

అయితే నాకు మనసులో ఉండిపోయింది దీపం కాదు. ఆ డబ్బాకి కేబుల్ కంపెనీ పైసా తీసుకోలేదు. పద్ధతి మార్చింది మేము, మీ పెట్టె పనికిరాకుండా పోయింది మా వల్ల, కాబట్టి ఇది మా ఖర్చు. అంతే లెక్క. 2020లో అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కేబుల్‌కార్డు నిబంధనలే ఎత్తేసింది, ఆ సరుకు మూలపడుతోంది. మనకి ఇక్కడ ఆ స్విచ్డ్ పద్ధతిని కొత్తగా అమ్ముతున్నారు.

నన్నడిగితే, జనం దగ్గర డబ్బు తీసుకునే పనైతే దాన్ని రాగి తీగ మీద పెట్టడమే తప్పు. ఇంటిదాకా ఫైబర్ లాగి, ఐపీ పద్ధతిలో ఛానళ్ళిస్తే ఈ తిరకాసంతా ఉండదు. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైనప్పుడు నెలకి 149 రూపాయలకు టీవీ, నెట్, ఫోన్ అని ఇచ్చిన బాక్సు ఆ జాతిదే. అందులో బాక్సు అడిగిన ఛానలే ఇంటికొస్తుంది, మిగతావి రావు. స్విచ్చింగ్ దాని పుట్టుకలోనే ఉంది. గాజు తీగకి ఉప్పుగాలి సోకదు, మిక్సీ గోల ఎక్కదు. నా 340 ఇళ్ళలో అరవై ఇళ్ళకి ఫైబర్ లాగాను. అక్కడి నుంచి ఫిర్యాదు వచ్చిందంటే లారీ తీగ తెంపిందని అర్థం.

లేదు, రాగి మీదే చేస్తామంటారా, చేయండి. ముందు మా నోడ్‌లకి రివర్స్ లేజర్లు, యాంప్‌లకి మాడ్యూళ్ళు పెట్టండి, అందులో నా వాటా నేను పెట్టుకుంటాను, అప్పో సప్పో. ఏ వీధిలో వెనకదారి తయారైందో ఆ వీధి పేరు రాసి ఆపరేటరు ఆఫీసు తలుపుకి అంటించండి. ఆ వీధిలోనే బాక్సు మార్చండి. పాత బాక్సు తీసుకుని కొత్తది ఊరికే ఇవ్వండి. 2013లో ప్రభుత్వం మారమందని జనం ఒకసారి కొన్నారు. ఒక సంస్థ బాక్సు ఇంకో సంస్థ లైన్లో పనిచేయదు గనక ఆపరేటర్ మారినప్పుడల్లా మళ్ళీ కొన్నారు. ఏ బాక్సైనా ఏ నెట్‌వర్క్‌లోనైనా నడవాలని మన నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో సిఫార్సు చేసింది. నా గోడౌన్లో మూడు కంపెనీల బాక్సులు గోనెసంచుల్లో ఉన్నాయి, ఒకదానికొకటి పలకరించుకోవు.

మీ విలేఖరిని ఒకరోజు మా వీధికి పంపండి. నిచ్చెన నేనిస్తాను. ఒక యాంప్ మూత విప్పి ఖాళీ గూడు ఫొటో తీసుకోమనండి, వార్త పక్కన వేయండి.

మీ పత్రికలో వార్త చూసి మా పిన్ని మొన్న ఒకటో తారీఖున నెల డబ్బుతోపాటు 1,500 విడిగా మడిచి చేతిలో పెట్టింది. "ముందు మా ఇంటికే పెట్టు బాబూ" అంది. వద్దనలేక తీసుకున్నాను. కలెక్షన్ పుస్తకంలో ఆవిడ పేజీలోనే ఉన్నాయి, రసీదు రాయలేదు. రేపు పొద్దున్న కనెక్టర్ ఇంకోసారి చూడ్డానికి వెళ్తాను, అప్పుడు తిరిగి ఇచ్చేస్తాను.

ఇట్లు,
ఒక కేబుల్ ఆపరేటర్,
పెదవాల్తేరు, విశాఖపట్నం-17
(పేరు, ఫోను నంబరు కవరు మీద రాశాను. అచ్చు వేయవద్దని మనవి.)